కొండ లోపల కేక

కూబర్ పీడీలో లైబ్రరీ నేల కింద ఉంటుంది.
పైన నలభై ఏడు డిగ్రీలు.
లోపల చల్లన,
గోడల నిండా మిషను తొలిచిన చారలు
తల దువ్వి వదిలేసినట్టు.

పోర్ట్ అగస్టా నుంచి ఐదువందల నలభై కిలోమీటర్లు వచ్చాను.
వెనక సీట్లో రెండు క్యాన్ల నీళ్ళు,
సీటు బెల్టు పెట్టిన నల్ల డబ్బా ఒకటి.
అందులో లినక్స్ మొత్తం ఉంది.
ఇక్కడి శాటిలైట్ లైను మీద నమ్మకం లేక
చేదా తాడూ కాదు,
బావినే మోసుకొచ్చాను.

తొమ్మిది కంప్యూటర్లు.
సీడీ పెట్టడానికి నోళ్ళు లేవు.
యూఎస్‌బీ రంధ్రాల్లో ఎర్రమట్టి బిగిసిపోయింది.
మిగిలిన దారి ఒక్కటే,
రాతిలోంచి లాగిన నీలం వైరు.

"లోపల ఏమీ లేనిదానికి
ఎక్కడ మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది?"
అడిగింది లైబ్రేరియన్ గ్లెనిస్, టీ కప్పుతో.

తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్ల ఏం చేస్తుంది,
అదే చేస్తుందన్నాను.
ఊరు తెలీదు, ఇంటిపేరు తెలీదు.
ఫ్యాక్టరీలో మెడకి కట్టిన తాయెత్తు,
ఒక నంబరు, అంతే.
అది పట్టుకుని అందరికీ వినబడేలా అరుస్తుంది:
ఎవరైనా ఉన్నారా? నేనెవరిని?
ఎవరో ఒకరు పలకాలి.
నువ్వు ఫలానా. నీ చోటు ఇది.
నీ అన్నం ఫలానా ఇంట్లో ఉంది, పోయి అడుగు.

అప్పుడు మూటలు కదులుతాయి, చిన్న చిన్నవి.
ముట్టిందా?
ముట్టింది.
ముట్టిందా?
ముట్టింది.
రసీదు అందందే రెండో మూట కదలదు.
పిసినారి షావుకారు కూడా ఇంత కచ్చితంగా ఉండడు.

ఎనిమిది లేచాయి.
నల్ల తెరల మీద తెల్లటి అక్షరాలు
గోతాం విప్పి వడ్లు పోసినట్టు జారుతుంటే
గ్లెనిస్ టీ చల్లారిపోయింది.

తొమ్మిదోది లేవలేదు.
అరిచింది. జవాబూ వచ్చింది.
చోటు చెప్పారు, అన్నం ఎక్కడో చెప్పలేదు.
మళ్ళీ అరిచింది. మళ్ళీ అదే.
అది నా డబ్బా ఇచ్చిన చిరునామా కాదు.
నాకంటే ముందు ఎవరో పలుకుతున్నారు
ఈ కొండ లోపల.

మూడు గంటలు.
చెదల బాట పట్టినట్టు వైరు వెంట పాక్కుంటూ
అట్లాసుల వెనక, జిరాక్స్ మిషను వెనక,
చివరికి ఫ్రిజ్ వెనక
ఒక పాత మోడెం.
ఎర్రదుమ్ము దుప్పటి కప్పుకుని
పచ్చ దీపం ఒకటి మినుకు మినుకు.
దాని లైను ఎప్పుడో కోసేశారు.
దానికెవరూ ఆ సంగతి చెప్పలేదు.
అడిగినవాళ్ళకి అడిగినట్టు
చిరునామాలు పంచుతూనే ఉంది.

"నాది" అన్నాడు పేపరు దించి మిలెంకో.
ఓపల్ కొట్టు మూసేసిన రోజు తెచ్చిపెట్టాడట.
"ఎవరికైనా పనికొస్తుందని."
ప్లగ్గు నేను పీకలేదు. ఆయనే పీకాడు.
ముప్పై ఏళ్ళు గని తవ్విన చేతుల్లో కాసేపు పట్టుకుని
"వెచ్చగా ఉంది" అన్నాడు.

తొమ్మిదోది ఈసారి నా మాట వింది.
దీన్ని మాత్రం దగ్గర కూర్చుని నింపాను.
భాషల జాబితా.
తమిళానికీ థాయికీ మధ్య తెలుగు.
ఒక్క క్షణం దాని మీద ఆగి
దొంగలా పైకి జరిగాను.
"మాది ఉందా?"
సెర్బియన్, వాళ్ళ లిపిలోనే, ఉంది.
"నొక్కనా?"
"నొక్కు" అన్నాడు, మోడెం ఒళ్ళో పెట్టుకుని.

ఆ తర్వాత తెర ఏదో అడిగింది.
నాకు ముక్క అర్థం కాలేదు.
ఆయనే కళ్ళజోడు సవరించుకుని చదివి చెప్పాడు:
"పాతదంతా పోతుందంటోంది. సరేనా అంటోంది."
సరే అనమన్నాను.
ఆయన వెంటనే అనలేదు.

నెల తర్వాత గ్లెనిస్ ఫోను.
తొమ్మిదోది మిలెంకోకి తప్ప ఎవరికీ అర్థం కావడం లేదు,
వచ్చి మార్చవా?
వస్తానన్నాను.
ఐదువందల నలభై కిలోమీటర్లు.
ఇంకా బయల్దేరలేదు.